పంచలో గూడు, పందివెంట్రుకల కుంచె

వెంకటమ్మనహళ్లిలో మా పాత ఇంటి పంచలో, తలవాకిలి పక్కన గోడకు ఒక చిన్న గూడు ఉంది. దీపం పెట్టే గూడు కాదు. తాత గడ్డం గీసుకునే సామానంతా అందులో ఉండేది. అద్దం, సేఫ్టీ రేజరు, పటికముక్క, సబ్బుగిన్నె, కట్టెపిడి కుంచె. ఇవన్నీ ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని చిన్నప్పుడు మేము అడిగితే అవ్వ ఒకటే మాట అనేది: "అది పందివెంట్రుకరా, లోపలికి తేవద్దు."

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చూస్తే ఆ కుంచె సగం రాలిపోయింది. తాత తర్వాత దాన్ని నాయనే వాడుతున్నాడు. "నైలాన్‌ది వద్దు, ఇట్లాంటిదే తెండి" అన్నాడు. కొత్తది వెతకబోయి పాతదాని చరిత్రలో పడ్డాము. అదే ఇక్కడ రాస్తున్నాము.

పావగడ తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇదే మా బతుకు. విజయనగర కాలం నాటి ఆయగార్ల పద్ధతిని మేము కన్నడంలోనే చదువుకున్నాము. ఊరికి పన్నెండుమంది ఆయగార్లు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, వాళ్ళతోపాటు క్షౌరం చేసేవాళ్ళు. వాళ్ళకు నెలజీతం లేదు. పంట కళ్ళానికి వచ్చినప్పుడు ప్రతి ఇంటి నుంచి ఇంత అని ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. దాన్ని తెలుగులో మేర అంటారు. మా మెట్ట ఊర్లలో అది ఎక్కువగా రాగులే.

క్షౌరం చేసే ఆయన సంచిని మనం అడపం అంటాము, కన్నడంలో హడప. ఒకే మాట గడిదాటి పలుకు మార్చుకుంది. అందులో కత్తి, సానరాయి, తోలుపట్టా, గిన్నె ఉండేవి. కుంచె ఉండేది కాదు. వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, గిన్నెలో నీళ్ళు ముంచి, చేత్తో గడ్డాన్ని రుద్ది రుద్ది నానబెట్టేవాడు. సబ్బు కూడా అక్కరలేదు. కత్తి ఎంత పదునో, ఆ తడిపే చెయ్యి అంత ముఖ్యం. సరిగ్గా నానని గడ్డం మీద ఎంత మంచి కత్తి అయినా మండిస్తుంది.

ఆ చెయ్యి పడిన తర్వాత స్నానం చెయ్యకుండా మా తాతలు ఇంట్లోకి వచ్చేవాళ్ళు కాదు. ముఖం అప్పజెప్పేది ఆ చేతికే, మైల అనేదీ ఆ చేతినే. ఇది మా ఇంటి ఆచారమే, దాచి లాభం లేదు.

1904లో అమెరికాలో కింగ్ జిల్లెట్‌కు సేఫ్టీ రేజరు మీద పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ రేజరు సిపాయిల సంచుల్లోకి చేరింది. తర్వాత మెల్లగా ఊర్లకూ వచ్చింది. ఎవరి గడ్డం వాళ్ళు గీసుకునే కాలం వచ్చాక ఒక చిక్కు వచ్చిపడింది. కత్తి దొరికింది గానీ, నానబెట్టే ఆ చెయ్యి లేదు. ఆ చేతి పని చెయ్యడానికి వచ్చిందే సబ్బు, కుంచె.

పందివెంట్రుకే ఎందుకు? అది నీళ్ళు పీల్చుకుంటుంది. మొదలు గట్టిగా ఉంటుంది, కొస సహజంగానే చీలి ఉంటుంది. గట్టి మొదలు గడ్డాన్ని లేపుతుంది, చీలిన కొస నురగను పట్టుకుంటుంది. బ్యాడ్జరు అనే జంతువు వెంట్రుక ఇంకా మెత్తన, కానీ ఖరీదు. గుర్రపు వెంట్రుకతోనూ చేసేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సరిగ్గా శుభ్రం చెయ్యని వెంట్రుకల కుంచెల వల్ల సిపాయిలకు ఆంత్రాక్స్ జబ్బు వచ్చింది. 1920లో బ్రిటన్ జపాన్ కుంచెల దిగుమతినే ఆపేసింది. అందుకే ఇప్పటికీ ఊరూపేరూ లేని కుంచె కొనవద్దని మా మాట.

పందివెంట్రుక వ్యాపారంలో చైనా పెద్దది. మన దేశంలో కాన్పూర్ పేరున్న కేంద్రం. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ జిల్లాలోని షేర్‌కోట్ అయితే బ్రష్షుల పనికే పేరు పడిన ఊరు. 1938లో నైలాన్ పళ్ళబ్రష్షు వచ్చింది. అంతవరకూ పళ్ళబ్రష్షుల్లో కూడా ఎక్కువగా పందివెంట్రుకే.

ఆ వెంట్రుక ఏ ఊరి పందిదో కుంచె మీద రాసి ఉండదు. కానీ మా పక్క పందులు మేపింది ఎవరో అందరికీ తెలుసు. ఆంధ్రలో ఎరుకల వాళ్ళు, ఇక్కడ కొరమ, కొరచ అంటారు. గంపలు, చాటలు అల్లేదీ వాళ్ళే. తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం అని 1871లో ఒకటి తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగ అని రాసి, పోలీసు దగ్గర హాజరు వేయించుకునేవాళ్ళు. ఎరుకల, కొరచల పేర్లు ఆ పట్టీలో ఎక్కినాయి. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఈరోజుకీ ఎరుకల వాళ్ళు ఆంధ్రలో షెడ్యూల్డు తెగ, గడిదాటి కర్ణాటకలోకి వస్తే కొరమ, కొరచలు షెడ్యూల్డు కులం. దగ్గరి జనమే, పట్టీ వేరు. గడి మీద బతికే మనకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

వాళ్ళు అల్లిన చాట మీద నీళ్ళు చల్లి మా అవ్వ లోపలికి తీసుకునేది. అల్లిన ఆమె మాత్రం వాకిట్లోనే నిలబడేది.

ఇంక కుంచె సంగతి. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఏది చూసినా ఎక్కడ చెడుతుందా అనే చూస్తాము. కొనేటప్పుడు నాలుగు చూడండి. కొసలు కత్తిరించినట్టు సమంగా, మొద్దుగా ఉంటే వద్దు, సహజమైన చీలిన కొస కావాలి. అరచేతిలో అదిమితే వంగి మళ్ళీ లేవాలి. మెల్లగా లాగితే గుత్తులుగా ఊడి రాకూడదు. పిడి తడిచేతిలో జారకూడదు.

తెచ్చిన రోజు వాసన వస్తుంది, భయపడవద్దు. సబ్బుతో కడిగి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. మరిగే నీళ్ళు వద్దు, మొదట్లో పెట్టిన జిగురు వదిలేస్తుంది. నురగ చేసి, కొంతసేపు ఉంచి, కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. ఇట్లా మూడునాలుగు రోజులు చేసిన తర్వాత ముఖానికి వాడండి. ప్రతిసారీ ముందు కొన్ని నిమిషాలు నాననివ్వాలి. మొదట్లో గుచ్చుతుంది, నురగనంతా తానే మింగుతుంది, రెండుమూడు వెంట్రుకలు రాలుతాయి. అది చెడిపోవడం కాదు. కొన్ని వారాలకు కొసలు ఇంకా చీలి మెత్తబడతాయి. తడిసి ఆరి, తడిసి ఆరి, అట్లా రోజూ వాడితేనే అది దారికి వస్తుంది. పెట్టెలో దాచిన కుంచె ఎప్పటికీ కొత్తదే.

నాయన కుంచె నెలన్నరకు దారికి వచ్చింది. "ఇప్పుడు తాతదాని లెక్క ఉంది" అన్నాడు ఫోనులో. ఉగాదికి పోయి చూస్తే కుంచె పంచలో లేదు. స్నానాలగదిలో, అమ్మ పసుపు డబ్బా పక్కనే ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ అడగనూ లేదు.

గూడు ఖాళీగా ఉంది. ఆ మధ్యాహ్నం గంపలు అమ్మే ఆమె వచ్చింది. అమ్మ చాట తీసుకుని డబ్బులిచ్చింది. మేము ఆమెను లోపలికి వచ్చి కూర్చోమన్నాము. ఆమె మా ముఖం చూసింది, తలవాకిలి చూసింది. "పర్వాలేదు సామీ, ఇక్కడే బాగుంది" అని పంచలో కూర్చుని నీళ్ళు తాగింది.

పందివెంట్రుక నెలన్నరకు మెత్తబడింది. మా గడప మెత్తబడడానికి ఒక్క పిలుపు చాలదని ఆరోజు తెలిసింది. రోజూ తడపాల్సిందే.