చేతిరాత అచ్చయినప్పుడు

ద్రాక్షారామం భీమేశ్వరాలయం రాళ్లమీద 11, 12 శతాబ్దాల దానశాసనాలున్నాయి. అఖండదీపానికి ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారో అవి చెబుతాయి. అది ఆజ్ఞాపించే అక్షరం. చదివేవాడు బదులు పలికే చోటు అందులో లేదు.

అదే గోదావరి సీమలో, నరసాపురంలో 1933లో పుట్టిన బాపు అక్షరం వేరు. పుస్తకాల అట్టలమీదా, కార్టూన్లలోనూ అది గీత తప్పి, కాస్త ఒరిగి, పక్కన కూచుని కబుర్లాడుతుంది. కంప్యూటర్లు వచ్చాక ఆ చేతిరాతే ఫాంటయింది. శుభలేఖకూ, పిల్లల పుస్తకానికీ, శీర్షికకూ చక్కగా అమరింది. పేజీలకు పేజీలు చదవాలంటే మాత్రం కళ్లు అలసిపోతాయి.

ఇది అక్షరానికి దక్కిన స్వేచ్ఛ అంటే నేను సగమే ఒప్పుకుంటాను. చేత్తో రాస్తే ఏ రెండు 'క'లూ ఒక్కలా ఉండవు; ఫాంటులో వెయ్యి 'క'లూ ఒక్కటే. పైగా ఆ చనువు అద్దెకు దొరుకుతుంది. అప్పులిచ్చే కంపెనీ ప్రకటన కూడా ఆత్మీయుడి ఉత్తరంలా కనిపిస్తుంది. మరోవైపు ఫాంట్లతో ఫ్లెక్సీలు అచ్చవుతుంటే, కుంచెతో బోర్డులు రాసి బతికిన పెయింటర్లకు పని తగ్గిపోయింది. చేతిరాత అందం నిలిచింది గానీ ఆ చేతులకు కూడు కరువైంది.

రాతి అక్షరం తన అధికారాన్ని దాచుకోలేదు. చేతిరాత వేషం వేసిన అక్షరం దాచగలదు. అందుకే అక్షరం ఎంత చనువుగా ఉందని కాదు, దాని వెనక మాట్లాడుతున్నది ఎవరని మనం అడగాలి.