బాకు పట్టిన మాంత్రికుడు

కంప్యూటర్‌లో పాత్రధారణ ఆటలు ఆడినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. యోధుణ్ణి ఎంచుకున్నవాడు మొదటి రోజునుంచే కత్తి దూసి ముందుకు సాగిపోతాడు. మాంత్రికుణ్ణి ఎంచుకున్నవాడు అల్పప్రాణి చేతిలో కూడా చచ్చి మళ్ళీ మొదటికొస్తాడు. ఓర్పుతో ఆడితే మాత్రం కొన్నాళ్ళకు పరిస్థితి తారుమారవుతుంది. ఈ ఏర్పాటు ఎలా వచ్చింది?

దీని పుట్టుక కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే పాచికల ఆటను రూపొందించారు. అందులో పాత్రలు మూడు వర్గాలు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మాంత్రికుడికి కవచం లేదు, ఆయుధం బాకు ఒక్కటే. మొదటి స్థాయిలో రోజుకు ఒక్క మంత్రమే. రెండో స్థాయికి చేరడానికి యోధుడికి 2000 అనుభవ పాయింట్లు చాలు. ఇతనికి 2500 కావాలి. 1975లో వచ్చిన అనుబంధ నియమాల ప్రకారం ప్రాణబలం కోసం యోధుడు ఎనిమిది ముఖాల పాచిక వేస్తే, మాంత్రికుడు నాలుగు ముఖాలది వేయాలి. పొడవాటి కత్తివేటుకు సగటు నష్టం 4.5. అంటే, మాంత్రికుడికి పాచిక ఎంత అనుకూలించినా, సగటు వేటు ఒక్కటి చాలు, అతని ఆట ముగుస్తుంది!

ఇది పొరపాటున జరిగింది కాదు. చివరికి అందరికన్నా బలవంతుడయ్యేది మాంత్రికుడేననీ, అంతవరకూ యోధులు అతణ్ణి కాపాడాలనీ 1974 నాటి నియమాలే చెప్పాయి.

ఆ బలం ఎలా పెరుగుతుందో లెక్క వేసి చూద్దాం. 1978 నాటి నియమాల్లో అగ్నిగోళ మంత్రం అయిదో స్థాయిలో లభిస్తుంది. స్థాయికి ఒకటి చొప్పున ఆరు ముఖాల పాచికలు వేయాలి. అయిదో స్థాయిలో రోజుకు ఒక్క గోళం. సగటు నష్టం 17.5. పదో స్థాయిలో మూడు గోళాలు, ఒక్కొక్కటి 35, మొత్తం 105. స్థాయి రెట్టింపయితే బలం ఆరు రెట్లయింది. కారణం తేలికే. మంత్రాల సంఖ్యా పెరుగుతోంది, ఒక్కొక్క మంత్రం శక్తీ పెరుగుతోంది. పెరిగే రెండు రాశుల లబ్ధం వాటిలో ఏ ఒక్కదానికన్నా చాలా వేగంగా పెరుగుతుంది.

ఈ ఆలోచన తర్వాత కంప్యూటర్ తీగలకెక్కింది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించి, రిచర్డ్ బార్టల్ కొనసాగించిన 'మడ్' ఆటలో చేరుకోవలసిన శిఖరం పేరే మాంత్రికుడు. 1991లో కోపెన్‌హేగన్ విద్యార్థులు 'డికూమడ్'ను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. దాని ప్రభావంతో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' (1999) తొలి రోజుల్లో, కింది స్థాయి మాంత్రికుడు శక్తి కూడగట్టుకోవాలంటే కూర్చుని మంత్రగ్రంథం తెరవాలి. అది తెరను కప్పేస్తుంది. శత్రువు వస్తున్నాడో లేదో కనిపించదు! పక్కన తోటి ఆటగాడు కాపలా ఉండాల్సిందే.

అయితే రేపటి బలం కోసం ఈ రోజు ఆటంతా చేతులు ముడుచుకు కూర్చోవడం న్యాయమేనా? మధ్యలోనే చచ్చిపోయేవాడికి ఆ రేపు ఎక్కడిది? ఈ ప్రశ్న నియమాలను మార్చింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2000 నాటి కూర్పులో అన్ని వర్గాలకూ ఒకే పాయింట్ల పట్టిక వచ్చింది. 2008లో మాంత్రికుడు కొన్ని మంత్రాలను ఎన్నిసార్లయినా ప్రయోగించే వీలు కలిగింది. 2014లో అతని ప్రాణబలానికి ఆరు ముఖాల పాచిక ఇచ్చారు.

ఇప్పుడు కొత్త మాంత్రికుడు తొలిరోజే పనికొస్తున్నాడు. మరి, బలహీనుణ్ణి బతికించుకున్న జట్టుకే ఆ బలం దక్కాలన్న పాత నియమంలో ఏ విలువా లేదంటారా? ఈసారి ఆడేటప్పుడు యోధుణ్ణి పక్కనపెట్టి, మాంత్రికుణ్ణి ఎంచుకుని చూడండి. మీ ముందు నిలబడి దెబ్బలు కాచే స్నేహితుడు ఎంత అవసరమో ఆ ఆటే చెబుతుంది.