ముఖానికి సూది వేసిన తర్వాత: ఒక సూచనల కాగితం చరిత్ర

పరిచయం

నుదుటి ముడతలు తగ్గడానికి చర్మ వైద్యులు వేసే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి మీరు వినే ఉంటారు. ఇంజెక్షన్ అయిన తర్వాత క్లినిక్‌లో చేతికి ఒక కాగితం ఇస్తారు. నాలుగు గంటలు పడుకోవద్దు, ముఖం రుద్దవద్దు, ఆవిరి పట్టవద్దు, రెండు వారాలకు మళ్ళీ రండి అంటూ పది పన్నెండు వాక్యాలు అందులో ఉంటాయి. చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. శాసనం, తామ్రపత్రం, కైఫీయతు ఎలాంటి ఆధారాలో ఇదీ అలాంటి ఆధారమే. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ అనుభవం వల్ల రాశారు అని శాసనాన్ని అడిగే ప్రశ్నలనే దీనినీ అడగవచ్చు. అలా అడిగినప్పుడు ఆ వాక్యాలన్నీ ఒకే కాలానివి కావని, వాటన్నిటికీ ఒకే బలం లేదని తెలుస్తుంది. కొన్ని ప్రాణాల మీదికి వచ్చిన అనుభవం నుంచి పుట్టాయి. కొన్ని కేవలం ముందుజాగ్రత్త. ఏది ఏదో తెలియకపోతే ముఖ్యమైనదాన్ని వదిలేసి, ముఖ్యం కానిదాన్ని పట్టుకుని కూర్చుంటాం.

ఉదాహరణలకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. ఇది పాత కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగం. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏళ్ళ తరబడి ఎండలో కళ్ళు చికిలించి పనిచేసేవారికి కనుబొమల నడుమ రెండు నిలువు గీతలు లోతుగా పడతాయి. కనుబొమలను దగ్గరకు లాగే చిన్న కండరాలు పదే పదే ముడుచుకోవడం వల్ల ఏర్పడే గీతలవి. సూది పనిచేసేది ఇలాంటి గీతల మీదనే. ఎండకు చర్మం ఎండిపోయి, సాగిపోయి పడే ముడతల మీద దాని ప్రభావం తక్కువ. ఈ తేడా తెలియక నిరాశపడేవారు చాలామంది.

ధనంబోడు మీది చక్రవర్తి

ముసలితనాన్ని ఆపాలన్న కోరిక ఈ ప్రాంతానికి కొత్తది కాదు. జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు దానికి పెట్టాడు. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట మీద ఉన్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ దొరికిన ఫలకాలలో ప్రసిద్ధమైనది చక్రవర్తి ఫలకం. రాజు చేయి పైకెత్తి నిలబడి ఉంటాడు, మేఘాల నుంచి చతురస్రపు నాణేలు కురుస్తుంటాయి. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఈ రాజును పండితులు మాంధాతగా గుర్తించారు. జాతక కథ ప్రకారం మాంధాత స్వర్గంలో సగం రాజ్యం పొంది, అదీ చాలక ఇంద్రుణ్ణే తొలగించాలనుకుంటాడు. ఆ ఆశ పుట్టగానే అతని శరీరాన్ని ముసలితనం ఆవహిస్తుంది, అతడు స్వర్గం నుంచి భూమి మీద పడిపోతాడు. అయితే మన ఫలకంలో ఆ ముసలితనం కనిపించదు. శిల్పి మాంధాతను నాణేల వానలోనే ఆపేశాడు. ఆ పని రాతికి సాధ్యమైంది.

వాగ్భటుని నిషేధాలు

శరీరానికి సాధ్యమైనంత చేయడానికి మన వైద్య గ్రంథాలూ ప్రయత్నించాయి. సుమారు 7వ శతాబ్దానికి చెందిన వాగ్భటుడు ‘అష్టాంగహృదయం’ దినచర్యాధ్యాయంలో రోజూ నూనె మర్దన చేసుకుంటే ముసలితనం, అలసట తగ్గుతాయని చెప్పాడు. మన అంశానికి ఇంతకంటే ముఖ్యమైనది సూత్రస్థానం 22వ అధ్యాయంలో ఉంది. అక్కడ ముఖలేపం, అంటే ముఖానికి పూసే పూత, దానిని వేసుకునే విధానం చెప్పాడు. పూత మందం అంగుళంలో పావు వంతు, మూడో వంతు, సగం అని మూడు రకాలు. పూత పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచకూడదు, ఆరితే చర్మపు రంగు చెడుతుంది. తడిపి తీసి, ఆ తర్వాత నూనె రాయాలి. పూత ఉన్నంతసేపు పగటి నిద్ర, మాట్లాడటం, నిప్పు దగ్గర కూర్చోవడం, ఎండ, దుఃఖం, కోపం పనికిరావు.

ఈ జాబితాను క్లినిక్ కాగితం పక్కన పెట్టి చూడండి. పడుకోవద్దు, వేడి తగలనివ్వవద్దు, ఎండలోకి వెళ్ళవద్దు. పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. అంతమాత్రాన మనవారికి ఇదంతా ముందే తెలుసని ప్రకటించేయడం చరిత్రకారుని పని కాదు. వాగ్భటుడు రక్షించినది చర్మం మీది పూతను. నేటి వైద్యుడు రక్షిస్తున్నది కండరంలోని మందును. మందు పనిచేసేటప్పుడు ముఖాన్ని వేడికి, ఎండకు దూరంగా ఉంచాలన్న ఆలోచన మాత్రం రెండింటిలోనూ ఉంది.

అయితే మన ఇళ్ళలో నిలిచినది వాగ్భటుని నిషేధాల భాగం కాదు, మర్దన భాగం. పండుగ తలంటు, సున్నిపిండి, పెళ్ళి నలుగు, మంగలి షాపులో గడ్డం తర్వాత చేసే ముఖ మర్దన, బ్యూటీ పార్లర్‌లో ఫేషియల్ అన్నీ చేతితో గట్టిగా రుద్దేవే. ముఖాన్ని బాగా చూసుకోవడమంటే బాగా రుద్దడమనే మన చేతులు నేర్చుకున్నాయి. ఈ సూది తర్వాత చేయవలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. మన ప్రాంతంలో ఈ కాగితాన్ని పాటించడంలో అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది.

విషం మందుగా మారిన తీరు

బొటాక్స్‌లోని పదార్థం బొటులినం అనే విషం. లాటిన్‌లో ‘బొటులస్’ అంటే సాసేజ్, మాంసం కూరిన పేగు. జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో చెడిపోయిన సాసేజ్ తిని చనిపోయినవారి గురించి యుస్టీనస్ కెర్నర్ అనే వైద్యుడు 1820లో, 1822లో వివరంగా రాశాడు. ఆయన కవి కూడా. రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం ఆయన నమోదు చేసిన లక్షణాలు. ఆ విషాన్ని తన మీదనే పరీక్షించుకున్నాడు. అదుపు తప్పి కదిలే కండరాలకు దీనిని చాలా స్వల్ప మోతాదులో మందుగా వాడవచ్చునని ఊహించాడు కూడా. ఆ ఊహ నిజం కావడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది.

1895లో బెల్జియంలోని ఎలెజెల్ గ్రామంలో అంత్యక్రియలకు వచ్చిన బ్యాండు మేళం వారు పంది మాంసం తిని జబ్బుపడ్డారు. ముగ్గురు మరణించారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ దానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. గాలి తగలని చోట అది విషాన్ని తయారుచేస్తుంది. (సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాను: పసిబిడ్డల పేగుల్లో ఇదే జీవి పెరిగి జబ్బు చేస్తుందని 1976లో తెలిసింది. దాని బీజాలు తేనెలో ఉండవచ్చు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు.)

ఈ విషం నాడి కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా ఆపుతుందని 1949లో లండన్ శాస్త్రవేత్తలు చూపారు. ముడుచుకోమన్న సంకేతం అందదు కాబట్టి కండరం సడలుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం దీనిని ఆయుధంగా పరిశోధించింది. ఆ పరిశోధనలో పనిచేసిన ఎడ్వర్డ్ షాంజ్ శుద్ధి చేసిన విషాన్ని తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు అలన్ స్కాట్‌కు అందించాడు. స్కాట్ ముందు కోతుల మీద, తర్వాత మనుషుల మీద మెల్లకన్ను సరిచేయడానికి వాడాడు. 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకూ, కనురెప్పలు అదుపు లేకుండా మూసుకుపోయే జబ్బుకూ అనుమతి ఇచ్చింది.

ముడతల సంగతి ఒక రోగి మాటతో మొదలైంది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటివైద్యురాలు 1987లో రెప్పల జబ్బుకు సూది వేస్తుండగా, ఈసారి కనుబొమల నడుమ ఎందుకు వేయలేదని ఒక రోగి అడిగింది. అక్కడ వేసినప్పుడు తన ముఖం ప్రశాంతంగా కనిపిస్తోందట. జీన్ భర్త అలస్టెయిర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి ప్రయత్నించి 1992లో ఆ ఫలితాలు ప్రచురించారు. 2002లో కనుబొమల నడుమ గీతలకు అమెరికాలో అనుమతి లభించింది. సాధారణ మోతాదు 20 యూనిట్లు, ఐదు చోట్ల.

కాగితాన్ని జగ్గయ్యపేటలో చదవడం

ఈ మందు కంటివైద్యం నుంచి వచ్చిందని గుర్తుంచుకుంటే కాగితంలోని సగం వాక్యాలు అర్థమవుతాయి. వేసిన చోటు నుంచి మందు కొద్దిగా కిందికి పాకి, రెప్పను పైకెత్తే కండరాన్ని తాకితే రెప్ప వాలిపోతుంది. కెర్నర్ చూసిన లక్షణమే, కాకపోతే ఒక్క కంటికి. ఇలా జరిగితే కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. కానీ ఆ కొన్ని వారాల మధ్య పెళ్ళి ముహూర్తం ఉంటే?

అందుకే మొదటి రోజు రుద్దవద్దంటారు. విజయవాడలో సూది వేయించుకుని సుమారు 75 కిలోమీటర్లు బస్సులో జగ్గయ్యపేట వచ్చే మనిషిని ఊహించండి. ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి కునుకు తీయడం మనకు మామూలే. ఆ రోజు అది పనికిరాదు. వెనక్కి ఆని, తల నిలబెట్టి కూర్చోవాలి. ‘నాలుగు గంటలు పడుకోవద్దు’ అన్న వాక్యానికి నిజానికి గట్టి ప్రయోగ ఆధారం తక్కువ, అది వైద్యుల అలవాటుగా నిలిచిన జాగ్రత్త. పాటిస్తే నష్టం లేదు. పొరపాటున కాసేపు ఒరిగితే భయపడి ఏడవనక్కరలేదు. రుద్దడం మాత్రం వేరు సంగతి, అక్కడ రాజీ లేదు.

సూది పడే చోటు మనం బొట్టు పెట్టుకునే చోటే. ఏ విదేశీ కాగితంలోనూ ఈ మాట ఉండదు. ఆ పూటకు కుంకుమ, తిలకం మానాలి, బిళ్ళ అంటించి వేలితో నొక్కడమూ మానాలి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దర్శనానికి వెళ్ళాలనుకుంటే మరునాటికి వాయిదా వేయండి. సాష్టాంగపడటం, అర్చకులు నుదుట కుంకుమ అద్దడం రెండూ ఆ రోజుకు తగవు. మిరప కల్లంలో పని ఉంటే అదీ మరునాటికే. కళ్ళు మండితే చేయి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. బరువులు మోయడం, పొయ్యి సెగ, ఆవిరి, మిట్ట మధ్యాహ్నపు ఎండ, మద్యం ఒకరోజు మానాలి. ఇవి వాపు, కమిలిన మచ్చలు పెరగకుండా ఉండటానికి. సూది పడ్డ చోట చిన్న బొడిపెలు ఒకటి రెండు గంటల్లో పోతాయి. వాపు ఉంటే గుడ్డలో చుట్టిన మంచుగడ్డను నొక్కకుండా ఆనించవచ్చు. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దానిని ఆపకూడదు.

ముఖ కండరాలను అసలు కదిలించకూడదని కొందరు అనుకుంటారు. ఇది వాగ్భటుని జాబితాలో ఇమడవచ్చుగాని ఈ మందు విషయంలో నిలవదు. సూది తర్వాత ఆ కండరాలను కొన్ని గంటలు ఆడిస్తే ఫలితం సుమారు ఒకరోజు ముందే కనిపించిందని 2018లో అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం తెలిపింది. నవ్వండి, కోపగించుకోండి, చేతులు మాత్రం దూరంగా ఉంచండి.

ఫలితం మూడు నాలుగు రోజులకు మొదలై రెండు వారాలకు పూర్తవుతుంది. ఫేషియల్, నలుగు ఆ తర్వాతే. పెళ్ళికి వారం ముందు వేయించుకోవడం తెలివైన పని కాదని ఈ లెక్క వల్లనే తెలుస్తుంది. నెల ముందైతే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

ఇక ప్రాణాలకు సంబంధించిన వాక్యాలు. మందు దూరపు కండరాలకు పాకవచ్చునని 2009లో అమెరికా ప్రభుత్వం ప్యాకెట్ మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా, ఒంట్లో సత్తువ తగ్గినా అది గంటల తరువాతైనా, వారాల తరువాతైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి సూది సంగతి చెప్పాలి. 2004లో ఫ్లోరిడాలో మనుషులకు అనుమతి లేని ముడి విషాన్ని చవకగా సంపాదించి వేయడంతో, వేసిన వ్యక్తితో సహా నలుగురు పక్షవాతంతో వెంటిలేటర్ల మీదికి చేరారు. సీసా మీద కంపెనీ పేరు, గడువు తేదీ చూపమని అడిగే హక్కు మీకుంది. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండవలసిన మందు ఫ్రిజ్‌లో నుంచి వచ్చిందో లేదో గమనించండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కండరాల బలహీనత జబ్బులున్నవారు దీని జోలికి పోకూడదు. మూడు నెలల లోపు మళ్ళీ వేయించుకోకూడదు. మూడు నాలుగు నెలలకు నాడి కొసలు తిరిగి సంకేతాలు పంపడం మొదలుపెడతాయి, గీత తిరిగి వస్తుంది.

అభ్యాసం

మీకు తెలిసినవారి దగ్గర ఇలాంటి సూచనల కాగితం ఉంటే అడిగి తీసుకోండి. ముఖానికి సంబంధించినది దొరకకపోతే పళ్ళ వైద్యుడు, కంటి శస్త్రచికిత్స తర్వాత ఆసుపత్రివారు ఇచ్చినదైనా సరే. ఎక్కువగా ఇవి ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ముందు ఇంట్లో పెద్దవారికి అర్థమయ్యే తెలుగులోకి మార్చండి. తర్వాత ప్రతి వాక్యం పక్కన అది ప్రమాదం వల్ల వచ్చిందో, ప్రయోగం వల్ల వచ్చిందో, అలవాటు వల్ల వచ్చిందో మీ ఊహను ఒక్క మాటలో రాయండి. ఊహించలేని వాక్యాలను విడిగా రాసుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ వైద్యుణ్ణే అడగండి.