మూడు నిమిషాల్లో ద్వారం వారు

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు అంతంతమాత్రమే. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే గురువు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోతే, వాయిద్యం విని ఆచార్యుడిగానే నియమించారని చెబుతారు. అప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆ పదవి ద్వారం వారికే దక్కింది. పక్కవాద్యమైన వయొలిన్‌తో ఒక్కరే కచేరీ నిలబెట్టవచ్చునని చూపినవారిలో ఆయన ముందు వరుసలో ఉంటారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకుని, 1964లో కన్నుమూశారు.

ఆ చేతివాటం మనకు మిగిలింది ఆకాశవాణి రికార్డింగుల్లోనూ, అంతకుముందు వచ్చిన గ్రామఫోన్ ప్లేట్లలోనూ. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు, అంటే 234 చుట్లు. కచేరీలో గంటసేపు సాగదీయగల రాగాన్ని విద్వాంసుడు అంతలోనే చూపాలి. తప్పు దొర్లితే ఇప్పటిలా ఆ ముక్క ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం మళ్లీ వాయించాల్సిందే. అందుకే ఆ ప్లేట్లలో మొదటి కమాను నుంచే రాగం ముఖం కనిపిస్తుంది.

ఇంజనీరుగా నాకు తెలిసిన రెండు మాటలు చెబుతాను. ఆ ప్లేట్లలో ముఖ్యమైన సరుకు లక్క, మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదే. కింద పడితే పగులుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. కాబట్టి స్పిరిట్‌తో తుడిస్తే ప్లేటు పాడవుతుంది. ఉక్కు ముల్లుతో వాయించిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది.

రెండోది వేగం. 78 చుట్లు తిరగాల్సింది 80 తిరిగితే, శ్రుతి ఒక స్వరస్థానానికీ పక్కదానికీ ఉన్న ఎడంలో దాదాపు సగం పెరుగుతుంది. నడకా తొందరవుతుంది. ఆ కాలంలో అన్ని ప్లేట్లనూ సరిగ్గా 78 మీదే రికార్డు చేయలేదు కూడా. చూసుకోకుండా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ద్వారం వారు వాయించని కాలాన్ని ఆయనకు అంటగట్టినట్టే.

మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో తాతల నాటి పెట్టెలు ఇంకా ఉన్నాయి. పాతసామాన్లవాడికి వేసే ముందు ఒకసారి మూత తీసి చూడండి. ప్లేట్లు దొరికితే ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి, లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. పాత గ్రామఫోన్‌పై సరదాకైనా వాయించకుండా, తేలికపాటి ముల్లు, వేగం సరిచేసే యంత్రం ఉన్నవారి చేత కాపీ తీయించండి. మీకు వయొలిన్ రాకపోయినా ఫరవాలేదు. ప్లేటు పగలకుండా చూస్తే చాలు.