రోజర్ గ్లోవర్: తప్పించిన బ్యాండ్‌కే ప్రొడ్యూసర్‌గా తిరిగొచ్చిన బేసిస్ట్

‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాట ఎలా మొదలవుతుందో గిటార్ నేర్చుకున్న దాదాపు ప్రతివారికీ తెలుసు. ముందు గిటార్ ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత ఆర్గన్, డ్రమ్స్ మీది హై-హ్యాట్ కలుస్తాయి. ఆపైన మిగతా డ్రమ్స్. అందరికంటే ఆఖర్న బేస్ గిటార్ వస్తుంది. అది విన్యాసాలేమీ చేయదు, ఒకే స్వరం మీద నిలకడగా నడుస్తుంది. అయినా అది అడుగుపెట్టాకే పాటకు బరువొస్తుంది.

ఆ బేస్ వాయించింది రోజర్ గ్లోవర్. పాటకు ఆ పేరు పెట్టిందీ ఆయనే. 1973లో ఆ పాట అమెరికాలో పెద్ద హిట్ అవుతున్న రోజుల్లోనే ఆయన డీప్ పర్పుల్ బ్యాండ్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్లలో ఆయన చేసిన పని, హెవీ మెటల్ చరిత్రలో చాలామంది గమనించని ఒక ముఖ్యమైన అధ్యాయం.

వేల్స్ నుంచి లండన్‌కు

గ్లోవర్ 1945 నవంబర్ 30న వేల్స్‌లోని బ్రెకన్ పట్టణం దగ్గర పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం లండన్‌కు మారింది. స్కూల్లో ఉండగా స్నేహితులతో కలిసి ది మాడిసన్స్ అనే బృందం పెట్టారు. అది మరో బృందంతో కలిసి ‘ఎపిసోడ్ సిక్స్’ అయింది. 1965లో గాయకుడు ఇయాన్ గిల్లన్ అందులో చేరారు. ఇద్దరూ కలిసి పాటలు రాయడం మొదలైంది అక్కడే.

ఎపిసోడ్ సిక్స్ చాలా సింగిల్స్ విడుదల చేసింది కానీ ఏదీ పెద్దగా ఆడలేదు. 1969లో కొత్త గాయకుడి కోసం వెతుకుతున్న డీప్ పర్పుల్ కన్ను గిల్లన్ మీద పడింది. ఆయనతో పాటు వెళ్లిన గ్లోవర్ ముందు ఒక రికార్డింగ్‌లో వాయించారు, తర్వాత బ్యాండ్‌లోనే చేరిపోయారు. గిటార్‌పై రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్‌పై జాన్ లార్డ్, డ్రమ్స్‌పై ఇయాన్ పేస్, వీరికి తోడు ఈ ఇద్దరు. ఈ అయిదుగురి బృందాన్నే అభిమానులు ‘మార్క్ 2’ అంటారు.

1970లో వచ్చిన వీరి ‘ఇన్ రాక్’ ఆల్బంను, బ్లాక్ సబాత్, లెడ్ జెప్లిన్ రికార్డులతో పాటు హెవీ మెటల్‌కు పునాదిరాయిగా చెబుతారు. డీప్ పర్పుల్‌ను హార్డ్ రాక్ అనాలా, మెటల్ అనాలా అన్న వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు.

నిప్పు, నీరు, ఒక పేరు

1971 డిసెంబరులో కొత్త ఆల్బం రికార్డు చేయడానికి బ్యాండ్ స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళ్లింది. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కేసినోలో రికార్డింగ్ జరగాలి. డిసెంబర్ 4న అక్కడ ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకుల్లో ఒకరు సిగ్నల్ తుపాకీ పేల్చడంతో మంటలు రేగి భవనం మొత్తం కాలిపోయింది. పొగ సరస్సు మీదుగా పరుచుకుంది.

కొన్ని రోజుల తర్వాత నిద్ర లేస్తూ గ్లోవర్ నోట వచ్చిన మాటే ఆ పాట పేరు. మాదకద్రవ్యాల గురించిన పాట అనుకుంటారేమోనని మొదట తటపటాయించారు కూడా. ఆల్బంలో ఎక్కువ భాగాన్ని శీతాకాలం కావడంతో మూసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ రికార్డింగ్ ట్రక్కు సాయంతో పూర్తి చేశారు. 1972లో వచ్చిన ఆ ఆల్బమే ‘మషీన్ హెడ్’.

పాట రికార్డుల్లోకి అయిదుగురి పేర్లతోనే ఎక్కింది. కానీ బ్యాండ్ లోపల సంబంధాలు అప్పటికే చెడుతున్నాయి. గిల్లన్ తప్పుకోవాలని నిర్ణయించుకున్నారు. బ్లాక్‌మోర్ కూడా వెళ్లిపోతానన్నారు. ఆయన ఉండటానికి పెట్టిన షరతు గ్లోవర్‌ను మార్చడం. 1973 జూన్ 29న జపాన్‌లోని ఒసాకా కచేరీతో గిల్లన్, గ్లోవర్‌ల ప్రయాణం ముగిసింది.

ప్రొడ్యూసర్ ఏం చేస్తారు?

ప్రొడ్యూసర్ అనగానే మనకు డబ్బు పెట్టే సినిమా నిర్మాత గుర్తొస్తారు. రాక్ రికార్డింగ్‌లో ప్రొడ్యూసర్ పని సినిమా దర్శకుడి పనికి దగ్గరగా ఉంటుంది. ఏ పాట తీసుకోవాలి, ఎంత వేగంలో వాయించాలి, ఏ టేక్ ఉంచాలి, ఏ వాద్యం ముందుండాలి, ఏది వెనక్కి తగ్గాలి అన్నవి ఆ వ్యక్తి చెవి మీద ఆధారపడతాయి.

బేసిస్ట్‌కు ఈ పని నప్పడం యాదృచ్ఛికం కాదు. ఒక చెవి డ్రమ్స్ మీద, మరో చెవి గిటార్ మీద పెట్టి రెండింటినీ కలపడమే బేస్ వాయించేవారి రోజువారీ పని.

గ్లోవర్ ఈ పని బ్యాండ్‌లో ఉండగానే మొదలుపెట్టారు. 1972లో పేస్‌తో కలిసి ‘ఎల్ఫ్’ అనే అమెరికన్ బృందం తొలి ఆల్బం చేశారు. దాని గాయకుడు రోనీ జేమ్స్ డియో. 1973లో స్కాట్లాండ్ బ్యాండ్ నజరెత్‌కు చేసిన ‘రజమనాజ్’ నుంచి రెండు పాటలు బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లాయి. అదే ఏడాది వచ్చిన ‘లౌడ్ అండ్ ప్రౌడ్’లో, జోనీ మిచెల్ గిటార్‌తో పాడుకున్న ‘దిస్ ఫ్లైట్ టునైట్’ గుర్రపు దౌడు లాంటి హెవీ పాటగా మారింది.

1974లో పిల్లల పుస్తకం ఆధారంగా చేసిన ‘ది బటర్‌ఫ్లై బాల్’ ఆయనలోని మరో కోణం. అందులో డియో పాడిన ‘లవ్ ఈజ్ ఆల్’ నెదర్లాండ్స్‌లో మొదటి స్థానానికి చేరింది. తర్వాత బ్లాక్ సబాత్ గొంతుగా ప్రపంచానికి తెలిసిన గాయకుడు, అంతకు చాలా ముందే కప్ప పాత్రకు గొంతునిచ్చిన పాట ఇది.

1977లో జుడాస్ ప్రీస్ట్ ‘సిన్ ఆఫ్టర్ సిన్’ వచ్చింది. పెద్ద కంపెనీ సీబీఎస్‌తో వారికది మొదటి ఆల్బం. సొంతంగా చేసుకోగలమనుకున్న ఆ బ్యాండ్, పని ముందుకు సాగక గ్లోవర్‌ను మళ్లీ పిలిచింది. డ్రమ్స్‌కు యువ కళాకారుడు సైమన్ ఫిలిప్స్ వచ్చారు. ఇక్కడ కూడా జోన్ బేజ్ పాట ‘డైమండ్స్ అండ్ రస్ట్’ మెటల్ రూపం ధరించింది. ఇదే ఆల్బంలోని ‘డిసిడెంట్ అగ్రెసర్’ను 1988లో స్లేయర్ మళ్లీ రికార్డు చేసింది. ఆ పాట లైవ్ రూపానికి 2010లో జుడాస్ ప్రీస్ట్ గ్రామీ గెలుచుకుంది.

షరతు పెట్టినవారి పక్కనే

1975లో డీప్ పర్పుల్ వదిలిన బ్లాక్‌మోర్ తన కొత్త బ్యాండ్ రెయిన్‌బోను ప్రధానంగా ఎల్ఫ్ సభ్యులతోనే కట్టారు. అంటే గ్లోవర్ తీర్చిదిద్దిన బృందమే దానికి పునాది. 1979 నాటికి రెయిన్‌బోకు రేడియోలో ఆడే పాటలు కావాల్సి వచ్చాయి. బ్లాక్‌మోర్ పిలిచింది గ్లోవర్‌నే. ప్రొడ్యూసర్‌గా వెళ్లిన ఆయన బేసిస్ట్ కూడా అయ్యారు. ‘డౌన్ టు ఎర్త్’లోని ‘సిన్స్ యూ బీన్ గాన్’, ‘ఆల్ నైట్ లాంగ్’ బ్రిటన్‌లో టాప్ టెన్ హిట్లు.

1984లో మార్క్ 2 అయిదుగురూ మళ్లీ కలిసి చేసిన ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’కు బ్యాండ్‌తో పాటు గ్లోవర్ కూడా ప్రొడ్యూసర్. పదకొండేళ్ల క్రితం బయటికి పంపిన బృందం ఈసారి తన శబ్దం ఎలా ఉండాలో ఆయన్నే అడిగింది. 1993లో బ్లాక్‌మోర్ శాశ్వతంగా వెళ్లిపోయారు. గ్లోవర్ ఉండిపోయారు. 1997లో ‘మషీన్ హెడ్’ పాతికేళ్ల ప్రత్యేక సంచికకు కొత్త మిక్స్ చేసిందీ ఆయనే.

2013 నుంచి డీప్ పర్పుల్ ఆల్బంలకు బాబ్ ఎజ్రిన్ ప్రొడ్యూసర్. ఆ కుర్చీ వదిలిన గ్లోవర్ బేస్ మాత్రం వదల్లేదు. 2016లో బ్యాండ్ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు ఆయన పేరూ అందులో ఉంది. 2024 ఆల్బంలోనూ ఆయన వాయించారు, పక్కన 1965 నాటి మిత్రుడు గిల్లన్ పాడారు.

ఎక్కడి నుంచి వినాలి?

బేసిస్ట్‌గా గ్లోవర్‌ను వినాలంటే 1971 నాటి ‘ఫైర్‌బాల్’ పాటలోని చిన్న బేస్ సోలో, తర్వాత ‘మషీన్ హెడ్’లోని ‘మేబీ ఐయామ్ ఎ లియో’ మంచి ప్రారంభం. ఆ రెండో పాట రిఫ్ ఆయనదే. ప్రొడ్యూసర్‌గా వినాలంటే ముందు జోనీ మిచెల్ పాడిన ‘దిస్ ఫ్లైట్ టునైట్’ వినాలి, వెంటనే నజరెత్‌ది వినాలి. ఆయన ఉద్యోగం ఏమిటో ఆ రెండింటి మధ్య తేడాలో తెలిసిపోతుంది.