గ్రామఫోను రికార్డుల సంరక్షణము



1887లో అమెరికా దేశమున ఎమిల్ బెర్లినరు గ్రామఫోనుకు పేటెంటు హక్కు పొందెను. చదునైన బిళ్ళపై గాడి వెంట సూది నడచి పాట పలికించుట ఆ యంత్రపు విశేషము. 1895 ప్రాంతమునుండి ఆ బిళ్ళలను లక్కలో రాతిపొడియు మసియు కలిపి అచ్చొత్తసాగిరి. ఆ లక్కలో అధికభాగము మన దేశపు అడవులలోనిదే. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగునిచ్చునదియు లక్కయే కదా!

లక్క గుణమెరిగినవారికి రికార్డును శుభ్రపరచు విధము వేరుగ చెప్పనక్కరలేదు. స్పిరిటులో లక్క కరగును. కావున దానిని తాకింపరాదు. ఎండకు వంగును, కావున నీడనుంచవలెను. మెత్తని గుడ్డతో గాడి వెంబడి గుండ్రముగా తుడువవలెను.

1982లో వెలువడిన సీడీకి పద్ధతి వేరు. దానిని నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. ఏలయన, వరుస వెంట పడిన గీత దానికి మిక్కిలి చేటు. సీడీ అడుగువైపు పైపై గీతలను మెరుగుపెట్టి కొంత సరిచేయవచ్చును. రికార్డు గాడిలో అరిగిపోయినది మాత్రము మరల రాదు.

గతించిన గాయకుల పాటలు కొన్నిటికి మీ యటుకమీది రికార్డే మిగిలిన ప్రతి కావచ్చును. కావున పక్కపక్కకును ఉక్కుసూది మార్చి, రికార్డులను నిలువుగా నుంచి కాపాడుడని నా మనవి.