ఫైబర్‌గ్లాస్ సబ్‌వూఫర్ పెట్టె

కారులో మంద్రస్థాయి ధ్వనులను వినిపించే స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. దానిని బిగించటానికి, కారు లోపలి వంపులకు సరిగ్గా అమరేటట్లు గాజు పోగుల మ్యాట్, పాలియెస్టర్ రెజిన్‌లతో చేతితో తయారుచేసే పెట్టెయే ఫైబర్‌గ్లాస్ సబ్‌వూఫర్ పెట్టె. మామూలు చెక్కపెట్టె డిక్కీలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పెట్టె వెనుక చక్రం వంపు పక్కన వృథాగా ఉండే ఖాళీని ఉపయోగించుకొంటుంది. దీని ఆకారం ఎలా ఉన్నా ఇబ్బంది లేదు. కాని లోపలి ఘనపరిమాణం, గాలి చొరబడని బిగువు, గోడల దృఢత్వం ఈ మూడూ సరిగా ఉండాలి.

పెట్టె అవసరం

స్పీకరు శంకువు ముందుకు కదిలినపుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనుకనున్న గాలి పలుచబడుతుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు. ఇంత పొడవైన తరంగాలు చిన్న స్పీకరు చుట్టూ సులభంగా తిరిగివచ్చి, ముందు వెనుకల తరంగాలు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. అందువలన వెనుక తరంగాన్ని పెట్టెలో బంధిస్తారు. మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగు వలె పనిచేసి శంకువు కదలికను అదుపులో ఉంచుతుంది. పెట్టె చిన్నదైతే ఈ స్ప్రింగు బిగుసుకొని, లోతైన ధ్వని తగ్గి ఒకే స్వరం మోగినట్లు ఉంటుంది.

చరిత్ర

మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొనే స్పీకరును అమెరికాకు చెందిన ఎడ్గార్ విల్చర్ 1954లో రూపొందించాడు. తరువాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ చేసిన పరిశోధనల వలన, స్పీకరు కొలతలనుండి పెట్టె పరిమాణాన్ని లెక్కించటం సాధ్యమయింది. గాజు పోగుల పరిశ్రమ 1930 దశకంలో అమెరికాలో ఎదిగింది. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ కారు బాడీని ఫైబర్‌గ్లాస్‌తో చేశారు. కారు సంగీత సాధనాల పోటీలు అమెరికాలో 1980 దశకంలో మొదలైన తరువాత ఈ పెట్టెలకు ఆదరణ పెరిగింది. ఆంధ్ర తీరంలో చేపల వేటకు వాడే ఫైబర్ పడవలు కూడా ఈ రకపు పదార్థంతోనే తయారవుతాయి.

తయారీ విధానం

* డిక్కీలో పెట్టె అమర్చే భాగాన్ని ప్లాస్టిక్ షీటు, మాస్కింగ్ టేపుతో కప్పి, దానిపై అల్యూమినియం రేకును అతికిస్తారు. రెజిన్ పడిన తివాచీ తిరిగి శుభ్రపడదు. స్టెప్నీ తీయటానికి అడ్డం రాకుండా హద్దు గీసుకోవాలి.
* రెజిన్‌లో బరువునుబట్టి 1 నుండి 2 శాతం హార్డెనర్ కలిపి, చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్‌ను ముక్కలుగా పరచి బ్రష్షుతో తడుపుతారు. గాలి బుడగలను రోలరుతో వెళ్ళగొట్టాలి. ఒక్కొక్క పొర సుమారు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది.
* రెండు మూడు పొరలు గట్టిపడిన తరువాత డొప్పను బయటకు తీసి, మిగిలిన పొరలను ఆరుబయట వేస్తారు. మొత్తం 6 నుండి 8 పొరలు అవసరం. వంపు తిరిగిన గోడ గుడ్డు పెంకు వలె బలంగా ఉంటుంది, చదునైన చోట్ల మాత్రం అదనపు పొరలు లేదా చెక్క పట్టీలు వేయాలి.
* 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. చెక్కతో చేసిన వలయాన్ని స్పీకరు ఉండవలసిన చోట కర్రలపై నిలిపి, దానిమీదుగా సాగే బనియన్ గుడ్డను బిగించి రెజిన్‌తో తడుపుతారు. అది ఎండిన తరువాత స్పీకరు రంధ్రాన్ని కోసి, లోపలినుండి మ్యాట్ పొరలు వేస్తారు.
* చివరకు లప్పం పూసి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు లేదా వస్త్రం వేస్తారు.

ఘనపరిమాణం కొలత

వంకర ఆకారాన్ని పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారంతో కొలవలేము. లోపల థర్మోకోల్ గింజలు నింపి, వాటిని లీటరు పాత్రతో కొలవటం సులభమైన పద్ధతి. ఉదాహరణకు స్పీకరు తయారీదారు 30 లీటర్లు చెప్పినపుడు, స్పీకరు అయస్కాంతం, చట్రం 3 లీటర్లు ఆక్రమిస్తే, ఖాళీ పెట్టె 33 లీటర్లు ఉండాలి. గట్టిపడిన పెట్టెను చిన్నది చేయటానికి లోపల చెక్క దిమ్మలు అతికిస్తే చాలు, కాని పెద్దది చేయటం కష్టం. కనుక గుడ్డ బిగించకముందే డొప్పను ఒకసారి కొలిచి, వలయం ఎత్తును నిర్ణయించుకోవాలి. స్పీకరు బిగించిన తరువాత శంకువును వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కి వదలినపుడు అది నెమ్మదిగా వెనుకకు రావాలి. వెంటనే వచ్చినచో గాలి ఎక్కడో కారుతున్నదని అర్థం.

జాగ్రత్తలు

హార్డెనర్‌గా వాడే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ కంటిలో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. దీనిని కోబాల్టు యాక్సిలరేటరుతో నేరుగా ఎన్నడూ కలపరాదు, పేలుడు సంభవిస్తుంది. ముందుగా రెజిన్‌లో యాక్సిలరేటరును పూర్తిగా కలిపిన తరువాతనే హార్డెనరును చేర్చాలి. రెజిన్ నుండి వెలువడే స్టైరీన్ ఆవిరిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో చేర్చింది. కనుక తలుపులు మూసిన కారులో గానీ, గదిలో గానీ ఈ పని చేయరాదు. సేంద్రియ ఆవిరులను ఆపే మాస్కు ధరించాలి. ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేచే గాజు ధూళికి దుమ్ము వడపోసే మాస్కు కూడా అవసరం. పాత్రలో మిగిలిన రెజిన్ తనంతట తానే వేడెక్కి పొగలు కక్కవచ్చు, మంటకూ కారణం కావచ్చు. దానిని మూత లేకుండా ఆరుబయట గట్టిపడనివ్వాలి.

తయారైన పెట్టెను కారుకు బోల్టులతో గట్టిగా బిగించాలి. వదులుగా ఉన్న బరువైన పెట్టె ప్రమాద సమయంలో ప్రయాణికులపైకి దూసుకురాగలదు. అనేక కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు క్రింద ఉంటుంది. కావున రంధ్రం వేయకముందు కారు క్రింది భాగాన్ని కూడా పరిశీలించాలి.